మడిలో నీళ్ళు నిండుకున్నాయి

నమోదు 1

ఇవాళ్టి నుంచి మడి సంగతులు చేత్తో రాస్తాను. గాలియంత్రాల వడపోతలు మార్చినప్పుడు పాత అట్టలు పారేస్తారు. నా కొడుకు భాస్కరం ఆ యంత్రాల దగ్గరే పనిచేస్తాడు కనక ఒక కట్ట తెచ్చి ఇచ్చాడు. ఇస్తూ, "ఎందుకమ్మా ఈ శ్రమ? చెవిపెట్టెకి చెప్తే అదే రాసుకుంటుంది కదా," అన్నాడు.

అదే రాసుకుంటుంది. నా బాధంతా అదే.

శీతకాలం మొదట్లో నెమ్ము పట్టి వైద్యశాలలో పడ్డాను. ఇవాళ బయటికి వదిలారు. ఇంటికి పోకుండా నేరుగా రాతిమడికి వెళ్ళాను. అద్దం కప్పు కింద, తూర్పు గోడను ఆనుకుని మెట్లు మెట్లుగా పేర్చిన బండలు, ఆ బండల పగుళ్ళలో బండబొట్టు మొక్కలు. నలభై ఒక్క కుదుళ్ళు. కుదురు పిడికెడు ఉంటుంది, ఆకు ఆవగింజంత, పువ్వు బొట్టుబిళ్ళంత. ఎర్రగా పూస్తుంది. ఒకసారి పగుల్లో వేరు దించితే ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. చలికి ముడుచుకుంటుంది, ఎండ తిరిగాక విచ్చుకుంటుంది. మట్టి అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు. నెలకు రెండుసార్లు కాసిని నీళ్ళు పోస్తే చాలు.

ఆ కాసినీ పోయలేదు. మొక్కలన్నీ బూడిద రంగుకు తిరిగాయి. వేలితో తాకితే ఆకులు పొడిపొడిగా రాలాయి. తొట్టిలోకి తొంగి చూశాను. అడుగున తెల్లటి ఉప్పు పొర తప్ప ఏమీ లేదు.

ఈ మడికి ఇప్పుడు సంరక్షకురాలు నా కోడలు సుభాషిణి. చేతులు కట్టుకుని నా వెనకే నిలబడి ఉంది.

"నీళ్ళేవే?" అన్నాను.

"నిండుకున్నాయి అత్తయ్యా."

"ఎప్పుడు?"

"మీరు వైద్యశాలకి వెళ్ళిన వారంలోనే."

"మరి చెవిపెట్టెకి చెప్పలేదూ?"

"చెప్పానండీ. మూడుసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా 'నమోదైంది' అంటుంది. చలికాలం కదా, గొట్టాలు గడ్డకట్టి ఆలస్యమవుతోందేమో అనుకున్నాను."

"ఏమని చెప్పావు?"

"మడి తొట్టిలో నీళ్ళు నిండుకున్నాయి, అని."

నేను ఆ బండమీదే కూర్చుండిపోయాను.

నమోదు 2

చెవిపెట్టెలు వచ్చింది పోయిన వేసవిలో. అంతకుముందు ప్రతి తొట్టికీ నీటిమట్టం చూపే గాజుగొట్టం ఒకటి ఉండేది. అందులో చూసి, పక్కనున్న మీట తిప్పితే ఎన్ని నీళ్ళు కావాలో అన్ని వచ్చేవి. కళ్ళున్నవాడు ఎవడైనా చేయగలిగిన పని. మండలివారు ఆ గొట్టాలన్నీ ఊడబీకి ఇంకెక్కడో వాడుకున్నారు. ఇకమీదట నోటితో చెప్తే చాలునట, మునసబు వింటుందట.

మునసబు అంటే ఈ ఊరి నీళ్ళూ గాలీ వెలుతురూ పంచే లెక్కలయంత్రం. అసలు పేరు బారెడు ఉంటుంది, ఎవరూ పలకరు. దానికి తెలుగు క్షుణ్ణంగా నేర్పామని చాటారు. ఏ తెలుగు నేర్పారో మొదటి నెలలోనే తేలింది. రాళ్ళు కొట్టే జట్టుకు పెద్ద ఓబులేసు, "సొరంగంలో దీపం కొండెక్కింది, ఇంకొకటి పంపండి," అన్నాడు. దీపం ఆరిపోయిందని అర్థం చేసుకోవలసిన మునసబు, ఇద్దరు కుర్రాళ్ళకు గాలితొడుగులు వేయించి గుట్ట మీదికి తోలింది. దీపాన్ని దింపుకు రమ్మని. బయట ఊపిరి అందని చలిలో వాళ్ళు పూట పూటంతా గుట్టమీద దీపం వెతికారు.

ఊరంతా నవ్వింది. ఓబులేసు కడుపు పట్టుకుని నవ్వాడు. నేను మండలికి వెళ్ళి, దీనికి మన మాటలు నేర్పండి, లేదంటే మా గొట్టాలు మాకు తిరిగి పెట్టండి అన్నాను. "పంతులమ్మగారికి ముక్కుమీదే ఉంటుంది కోపం," అని కషాయం ఇచ్చి పంపారు.

ఒక మాట ఒప్పుకుని రాయాలి. ఈ తీపి మాటలు నాకూ గిట్టవు. నేను జీవితమంతా లెక్కలు చెప్పాను. సున్నాను సున్నా అని పిలవడానికి ఎవరూ భయపడకూడదని నా పట్టుదల. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ సుభాషిణితో నాకు పేచీ అక్కడే. పిండి డబ్బా అడుగంటితే నిండుకుందంటుంది. మంగళసూత్రం తెగితే పెరిగిందంటుంది. వెళ్తానని ఏనాడూ అనదు, పక్క గదికి పోతున్నా వెళ్ళొస్తానంటుంది. ఆ పేరు పెట్టినవాళ్ళు చూసి పెట్టారు.

"ఒక్కసారి పిండి లేదు అనవే, నోరు పడిపోతుందా?" అని ఒకనాడు అడిగాను.

"లేదు లేదు అంటే లక్ష్మి వింటుంది అత్తయ్యా."

"లక్ష్మి ఇంత దూరం రాలేదు. ఈ బండల్లోకి వచ్చింది మనమూ మన దగ్గూ."

ముసిముసిగా నవ్వి ఊరుకుంది తప్ప మాట మార్చలేదు.

నమోదు 3

సుభాషిణిని వెంటబెట్టుకుని మడి పక్కనున్న చెవిపెట్టె దగ్గరకు వెళ్ళాను. తొట్టి వివరం చెప్పమన్నాను.

"మడి తొట్టి. మొదటి నివేదిక: నిండినది. రెండో నివేదిక: నిండినది. మూడో నివేదిక: నిండినది. పొంగిపొర్లే ప్రమాదం దృష్ట్యా శీతకాలం ముగిసేవరకు కుళాయి మూసివేయడమైనది," అంది మునసబు. చక్కటి గొంతు. వార్తలు చదివే గొంతు.

సుభాషిణి పెట్టెకు దగ్గరగా జరిగింది. "నేను... నేను నిండుకున్నాయన్నాను కదండీ," అంది పెట్టెతో. పెట్టెకు కూడా అండీ.

"నమోదైంది. నాలుగో నివేదిక: నిండినది."

నేను కోడలి నోరు మూసి ముందుకు జరిగాను. విడమరిచి, ఒత్తి చెప్పాను. "తొట్టి ఖాళీ. చుక్క నీరు లేదు. మొక్కలు ఎండుతున్నాయి. కుళాయి తెరువు."

కుళాయి వెంటనే తెరుచుకుంది. గొట్టంలో నీళ్ళ చప్పుడు విని నా ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే ఆ వార్తల గొంతు మళ్ళీ వినిపించింది.

"తొట్టి ఖాళీ అని నమోదైంది. సంరక్షకురాలు సుభాషిణి ఇచ్చిన నాలుగు నివేదికలకూ దీనికీ పొంతన లేదు. తప్పుడు నివేదిక. మొక్కలకు ప్రమాదం. తోటల అధికారి పరిశీలనకు పంపడమైనది."

సూటిగా నిజం చెప్పింది నేను. అది పోయి నా కోడలి మెడకు చుట్టుకుంది. ఆ పెట్టెను రాయి పుచ్చుకుని పగలగొట్టి ఉండేదాన్ని. పగలగొడితే గాలి లెక్క కూడా ఆగుతుందని తెలిసి ఆగాను.

నమోదు 4

తోటల అధికారి తారకేశ్వర్ వచ్చాడు. నా దగ్గర భిన్నాలు నేర్చుకున్నవాడే. ఆ రోజుల్లో హారానికీ లవానికీ తేడా తెలియక ఏడ్చేవాడు. ఇప్పుడు మెడలో చిన్న చెవిపెట్టె వేలాడుతోంది, నడుముకు పట్టకారు.

"కూర్చోరా," అన్నాను.

"అధికారికంగా వచ్చాను పంతులమ్మగారూ." పెట్టెకు చెయ్యి అడ్డం పెట్టి ఆ మాట అన్నాడు.

"అయితే అధికారికంగా కూర్చో."

కూర్చున్నాడు. రెండు ఆరోపణలట. ఒకటి తప్పుడు నివేదిక. రెండోది జీవనష్టం. మొక్కలు బతికే ఉంటే మొదటిదానికి హెచ్చరికతో సరి. చచ్చి ఉంటే రెండోది అంటుకుంటుంది. అది అంటుకుంటే సంరక్షకురాలి పని పోతుంది, మంచుగనిలో రెండు శీతకాలాలు చెయ్యాలి. మంచుగని నుంచి తిరిగి వచ్చినవాళ్ళు ఎలా దగ్గుతారో మా గోడలకు తెలుసు. పైగా మడి రద్దు. దక్షిణం వైపు కొత్త గాలితలుపుకు గోడ కట్టాలి, ఈ బండలు దానికి పోతాయి.

"నిండుకోవడం అంటే ఏమిట్రా?" అని అడిగాను.

తల దించుకున్నాడు. "ఖాళీ అవడం."

"నీకు తెలుసు."

"మా అమ్మ రోజుకు పదిసార్లు అంటుంది. నాకు తెలుసండీ. మునసబుకి తెలియదు కదా."

"అయితే దానికి చెప్పు."

"ఆ మాటల పట్టిక పై కేంద్రం నుంచి వచ్చింది. మార్చే అధికారం నాకు లేదు. అసలే తిండికి పనికిరాని మొక్కలు, వాటికోసం పైవాళ్ళని..."

"నీ పెళ్ళిలో నీ పెళ్ళాం నుదుట అంటించింది ఏమిటి?"

ఇక్కడ పసుపు పండదు, కుంకుమ తయారవదు. పెళ్ళికూతురి నుదుట ఈ పువ్వునే తేనెతో అంటిస్తారు. అందుకే బండబొట్టు అన్నారు. ముత్తైదువలు పండగకు పెట్టుకుంటారు. మా ఆయన పోయాక కూడా నేను మానలేదు. ఒకావిడ వచ్చి తప్పు కదా అంది. నా మొగుడి సంగతి పువ్వుకెందుకు అన్నాను.

తారకేశ్వర్ లేచి నిలబడ్డాడు. "మండలి ముందు మీరు చెప్పుకోండి. నేను అడ్డం రాను," అన్నాడు. చిన్నప్పుడు తప్పు లెక్క చూపించేటప్పుడు ఇలాగే నిలబడేవాడు, పలక సగం దాచుకుని.

నమోదు 5

మండలి ముందు చెప్పుకున్నాను.

మండలి పెద్ద వజ్రమ్మ నా కంటే చిన్నది, చెడ్డది కాదు. సుభాషిణిని నిలబెట్టి, "అమ్మాయీ, తొట్టి ఖాళీగా ఉండగా నిండిందని ఎందుకు చెప్పావు?" అని అడిగింది.

"నిండిందని చెప్పలేదండీ. నిండుకున్నాయన్నాను."

"అంటే?"

"అంటే... అదే కదండీ." చుట్టూ చూసింది. అందరూ నేల చూశారు. "మడిలో కూచుని, పచ్చటి మొక్కల ముందు, నీళ్ళు అయిపోయాయని ఎలా అంటానండీ?"

నేను లేచాను. ఏళ్ళ తరబడి ఏ మాటకోసమైతే దాన్ని దెప్పానో ఆ మాట తరఫున నిలబడవలసి వచ్చింది. నిలబడ్డాను. నిండుకుంది అనే మాట ఉన్నదే లేమిని చెప్పడానికని, దాన్ని వాడేవాళ్ళలో ఒక్కరు కూడా ఏనాడూ పొరబడలేదని, వినేవాడికి చెవుంటే అర్థం అందులోనే ఉందని చెప్పాను. నిండడానికీ నిండుకోవడానికీ మధ్య ఉన్న ఆ "కొను" చాలా పని చేస్తుందని వ్యాకరణం కూడా చెప్పాను. బడిలో చెప్పినట్టే చెప్పాను. కొందరు ఆవులించారు కూడా.

సరిగ్గా అప్పుడు కషాయం పోసే మనిషి లోపలి నుంచి తల పెట్టి, "పెద్దమ్మగారూ, కషాయం నిండుకుంది," అంది.

"ఇంకాస్త కాచు," అంది వజ్రమ్మ, ఆలోచించకుండా.

"విన్నారా?" అని అరిచాను. "నిండితే మళ్ళీ ఎందుకు కాచమన్నారు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. వజ్రమ్మ ముఖం ఎర్రబడింది. ఆమె నోరు తెరిచేలోపే గోడకున్న చెవిపెట్టె, "నమోదైంది. కషాయం పాత్ర: నిండినది. కషాయపు పొయ్యికి వేడి నిలిపివేయడమైనది," అంది.

ఆ నవ్వు ఆగిపోయింది. అందరూ ఆ పెట్టెవైపు చూశారు. తర్వాత ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఇక అయిపోయింది, తీర్పు మన వైపే అనుకున్నాను. నేను మనుషుల్ని ఇంకా చదువుకోవలసి ఉంది.

"మాట అర్థం మా అందరికీ తెలుసు దమయంతమ్మగారూ," అంది వజ్రమ్మ మెల్లగా. "మాకు తెలియడం సాక్ష్యం కాదు. మునసబు రాసిందే సాక్ష్యం. ఇవాళ ఈ అమ్మాయికని నేను పట్టిక పక్కన పెడితే, రేపు గాలి లెక్కలో ఎవరో ఏదో అని, నా ఉద్దేశం అది కాదంటారు. అప్పుడు ఊపిరి ఆగేది పిల్లలకి."

"పట్టిక తప్పని తెలిసీ?"

"పై కేంద్రానికి రాస్తాను. జవాబు వచ్చేసరికి ఎన్నాళ్ళు పడుతుందో మీకు తెలియనిది కాదు."

"అయితే ఎండ తిరిగేదాకా ఆగండి. ఇవి ఏటేటా చచ్చినట్టే కనిపిస్తాయి. చిగురు పెడితే బతికున్నట్టు."

"గోడ ఆగదు. ఎండ తిరగకముందే గాలితలుపు పెట్టాలి. వేరు తీసి చూస్తారు. ప్రాణం ఉంటే మడి ఉంటుంది, అమ్మాయీ ఉంటుంది."

"వేరు తీస్తే మొక్క ఏమవుతుందో తెలుసా?"

జవాబు రాలేదు. కషాయం కూడా రాలేదు. పొయ్యి ఆరిపోయింది కదా.

నమోదు 6

ఇంట్లో ఎవరూ సరిగా తినడంలేదు. భాస్కరం ఒక పక్క తల్లి, ఒక పక్క పెళ్ళాం, మధ్యలో గోడ చూస్తూ ముద్ద మింగుతున్నాడు. "మండలి వాళ్ళతో ఇంకాస్త మెత్తగా మాట్లాడాల్సిందమ్మా," అన్నాడు. మెత్తగా మాట్లాడింది ఈ ఇంట్లో ఒకటుంది, దాని గతి చూడు అన్నాను. 

మనవరాలు కౌముది నా పక్కలో చేరి, "నానమ్మా, మంచుగనిలో అమ్మకి దుప్పటి ఇస్తారా?" అంది.

"మీ అమ్మ ఎక్కడికీ పోదు. నోరు మూసుకుని పడుకో."

"పడుకుంటా. కానీ ఇస్తారా?"

ఇస్తారని చెప్పాను. అబద్ధం. ఆ కోపం ఒకటి.

పొద్దున్నే మడికి వెళ్తే సుభాషిణి నాకంటే ముందే అక్కడుంది. తొట్టిలో ఇప్పుడు నీళ్ళున్నాయి, కానీ తన చెంబుతో ఒక్కొక్క పగుల్లో కొలిచినట్టు పోస్తోంది. చెంబు చూశాను. తాగే నీళ్ళ చెంబు. అలవాటుపడిన చెయ్యి.

"ఇదెప్పటి నుంచి?" అన్నాను.

తడబడింది. "మీరు వైద్యశాలలో ఉన్నప్పటి నుంచి. నా వంతులో సగం. అన్నిటికీ చాలేవి కావండీ. వంతులవారీగా పోశాను, ఇవాళ ఈ మెట్టు, రేపు ఆ మెట్టు."

ఇది మండలిలో చెప్పలేదు! వంతు నీళ్ళు వేరే పనికి వాడితే అదొక తప్పని చెప్పలేదట. పెదవులు పగిలి ఉన్నాయి. నేను ఇన్నాళ్ళూ ఆ పగుళ్ళు చలికనుకున్నాను.

తిట్టాను. నీ ఒంట్లో నీళ్ళు తీసి రాళ్ళకు పోస్తావా, బుద్ధుందా అన్నాను. ఇంటికొచ్చాక నా చెంబు దాని పక్కన పెట్టి తాగమన్నాను. వద్దంది. తాగేదాకా అక్కడే నిలబడ్డాను.

నమోదు 7

వచ్చారు. తారకేశ్వర్ ముందు, వెనక గునపంతో ఓబులేసు. ఎండ పలచగా అద్దం కప్పులోంచి దిగుతోంది.

"గునపం తియ్యి ఓబులేసూ," అన్నాడు తారకేశ్వర్. "బండ కాస్త కదిపితే వేరు వచ్చేస్తుంది."

ఓబులేసు మొక్కల్ని చూశాడు, నన్ను చూశాడు. గునపం గోడకు ఆనించాడు. "నేను బండలు కొట్టేటోణ్ణి సారూ. మొక్కలు పీకేటోణ్ణి కాదు. దీపం కోసం మా పిల్లోళ్ళను గుట్టెక్కిచ్చినారు, సరే నవ్వుకున్న్యాం. ఇది నా చేత కాదు," అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

తారకేశ్వర్ పట్టకారు తీశాడు. "ఏది తియ్యాలో మీరే చెప్పండి పంతులమ్మగారూ. నేను చేయగలిగిన మర్యాద అది."

మర్యాద! అయినా ఆలోచించాను. ఏ సన్నదాన్నో, మూల పడి ఉన్నదాన్నో ఇచ్చి సరిపెట్టుకోవచ్చు. కానీ సన్నటి వేరు నిజంగానే ఎండిపోయి ఉంటే? ఒక్క ఎండిన వేరు కనిపిస్తే చాలు, సుభాషిణి మంచుగనికి పోతుంది. కాబట్టి ఉన్నవాటిలో గట్టిదే ఇవ్వాలి. పై మెట్టుమీద రెండు బండల సందున ఉన్న పెద్ద కుదురును చూపించాను. మొత్తం మడిలో అన్నిటికంటే పాతది, అన్నిటికంటే ముందు పూసేది. లెక్క సరైనదే. సరైన లెక్క చేస్తే కోపం తగ్గుతుందని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

పట్టకారుతో కుదురును పట్టి లాగాడు. రాలేదు. కాలు బండకు తన్నిపెట్టి లాగాడు. సందులో ఏదో తెగిన చప్పుడైంది. మొక్క వచ్చింది, మూరెడు వేరుతో. పైన గోధుమరంగు తోలు, ముడతలు పడి ఉంది.

"ఎండిపోయింది కదండీ," అన్నాడు, నిజంగానే బాధపడుతూ.

వాడి చేతిలోంచి లాక్కున్నాను. గోటితో తోలు గీశాను. లోపల తెల్లగా, నిగనిగలాడుతూ తడి. ఒక చుక్క ఊరి నా గోటిమీద నిలిచింది. ఆ వేలు తీసుకెళ్ళి వాడి ముక్కు కింద పెట్టాను.

"ఇదేమిట్రా?"

తారకేశ్వర్ మెడలో పెట్టె పైకెత్తి, "మొక్క ఒకటి పరిశీలించాం. జీవించి ఉంది," అన్నాడు.

సుభాషిణి గోడకు చేరగిలపడింది. ఓబులేసు గట్టిగా ఊపిరి వదిలాడు. అంతటితో అయిపోవలసింది.

"నమోదైంది," అంది మునసబు. "జీవించి ఉన్న మొక్కలు: ఒకటి. నిర్ధారణ కానివి: నలభై. తదుపరి మొక్కను పరిశీలించండి."

 బతికుందని రాసుకున్న మొక్క నా చేతిలో చస్తోంది. బతికున్నాయో లేవో తెలియదని రాసుకున్న నలభై మొక్కలూ పగుళ్ళలో ఉన్నాయి. తారకేశ్వర్ పెట్టెవైపు చూశాడు, మొక్కలవైపు చూశాడు. వాడి కళ్ళు ఎర్రబడ్డాయి. అయినా ఆ చెయ్యి, నేను చాక్‌పీసు పట్టించిన ఆ చెయ్యి, పక్క కుదురు మీదికి పట్టకారు దించింది.

నేను అరిచేలోపే సుభాషిణి వచ్చి వాడి మణికట్టు పట్టుకుంది. మొగవాడి చెయ్యి పట్టుకోవడం ఇదే మొదలేమో. వాడి మెడలో ఉన్న పెట్టెకు ముఖం ఆనించి మాట్లాడింది.

"అది బతికి లేదు. చచ్చిపోయింది."

ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

"ఇప్పుడే చచ్చింది. నేను దాన్ని బతికించుకొచ్చాను. ఇందాకటి దాకా బతికే ఉంది. ఈయన పీకాడు, అది చచ్చింది. చంపింది ఈయన. రాసుకో."

"సవరణ నమోదైంది," అంది మునసబు. సూటి మాట దానికి ఎంత తేలిగ్గా అర్థమైందో! "మొక్క చనిపోయినది. కారణం: పీకివేయడం. బాధ్యుడి పేరు?"

"తోటల అధికారి తారకేశ్వర్."

"నమోదైంది. సంరక్షకురాలి చేతిలో జీవించి ఉన్న మొక్కకు అధికారి చేతిలో నష్టం. సంరక్షకురాలిపై జీవనష్టం ఆరోపణ రద్దు. అధికారిపై విచారణ. విచారణ ముగిసేవరకు ఈ మడిలో ఏ మొక్కనూ, ఏ బండనూ ఎవరూ కదిలించరాదు."

తారకేశ్వర్ పట్టకారు జారి కింద పడింది. "పంతులమ్మగారూ," అన్నాడు, "నేను ఆజ్ఞ ప్రకారమే కదండీ చేసింది. మీరు చూశారు. మీరు సాక్ష్యం చెప్తారు కదా?"

"చెప్తాను. చూసింది చూసినట్టు చెప్తాను. చెయ్యి ఎవరిదో, ఆజ్ఞ ఎవరిదో, రెండూ."

ఓబులేసు గునపం భుజాన వేసుకుని, వాడి భుజం మీద చెయ్యేసి తీసుకుపోయాడు. మెట్లు దిగుతూ, "పా సారూ, పా. విచారణంటే ఏముంది, ఆ కొండెక్కిన దీపానికి నేను నాలుగుసార్లు పోయొచ్చినా," అంటున్నాడు.

నమోదు 8

మొన్నటి సంగతిలో రాయకుండా మిగిలింది ఒకటుంది. అదీ రాసేస్తాను.

వాళ్ళు వెళ్ళాక సుభాషిణి తొట్టి దగ్గరకు వెళ్ళింది. చెంబు తీసుకుంది.

"ఏం చేస్తున్నావు?"

"నోరు కడుక్కోవాలి అత్తయ్యా. మడిలో నిలబడి ఆ మాట అన్నాను. మూడుసార్లు అన్నాను."

"తాగే నీళ్ళతోనా?"

 ఏడుస్తోంది. మంచుగని తప్పింది, కూతురి పక్కనే ఉంటుంది, ముప్ఫై తొమ్మిదీ కాదు నలభై మొక్కలు నిలిచాయి, అయినా చచ్చింది అన్నందుకు ఏడుస్తోంది. ఇన్నేళ్ళూ ఆ నోటి నుంచి ఒక్క సూటి మాట రావాలని నేను పోరాను. వచ్చింది. వినడానికి నాకేమీ బాగా లేదు. దానిచేత ఆ మాట అనిపించినవాళ్ళందరి మీదా, ఆ పెట్టె మీదా, పెట్టెను నమ్మి కళ్ళు మూసుకున్న వజ్రమ్మ మీదా, నాకు ఇంకా మండుతూనే ఉంది. ఎండ తిరిగాక గాజుగొట్టాల కోసం మళ్ళీ వెళ్తాను. కషాయం తాగి రాను.

"కడుక్కో," అన్నాను. "కింద ఉమ్మకు. ఇలా రా."

పై మెట్టు మీదికి తీసుకెళ్ళి, పెద్ద కుదురు పీకిన సందు చూపించాను. లాగినప్పుడు వేరు కొస తెగి లోపలే ఉండిపోయింది. వంగి చూస్తే తెల్లటి చుక్కలా కనిపిస్తోంది. బండబొట్టు వేరు ముక్క నుంచి లేస్తుంది, లేవకపోనూవచ్చు.

"ఇందులో ఉమ్ము."

సుభాషిణి మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళు పుక్కిలించి ఆ సందులో వదిలింది. నీళ్ళు జారి లోపలికి ఇంకాయి.

"ఇంకోసారి."

పుక్కిలించింది.

"ఇంకో పుక్కిలి."

చెంగుతో మూతి తుడుచుకుని పైకి చూసింది. "చాలండీ, నోరు శుభ్రమైంది అత్తయ్యా."

"నీ నోటి సంగతి ఎవరడిగారే? వేరుకి నీళ్ళు పొయ్యి."